బొటనవేలి బరువు

శనివారం పొద్దున్నే నెల్బా ఎచ్చార్ట్ టీచరు
నా మాంసం కొట్టు మెట్టెక్కింది.
ఇరవై రెండేళ్లుగా మంగళవారం మంగళవారం
అర కిలో కైమా, కుక్కకో ఎముక,
అంతకు మించి అడిగి ఎరగని మనిషి
"ఎనిమిది మందికి, వాషింగ్టన్,
నీ దగ్గరున్న వాటిలో మేలైంది" అంది.

సాల్తో ఊళ్లో ఆగస్టు చలి.
నది మీంచి లేచొచ్చిన పొగమంచు
నా గాజు తలుపుకి ముక్కు ఆనించి చూస్తోంది.

ముందు లోమో తీసి చూపించాను.
ఖరీదైంది అదే కదా.
వెన్ను కింద దాక్కుని
బతికినన్నాళ్లూ ఒక్క అడుగు బరువూ మోయని కండ,
పసిపిల్ల చెంపంత మెత్తన.
ఆమె వేలితో నొక్కి చూసి
"పని చెయ్యని వాళ్ల దగ్గర కబుర్లేం ఉంటాయి" అంది.
వరసలో వెనకున్న వాళ్లు నవ్వారు.
నేను నవ్వలేదు. అది రోజుటి అద్దె.

ఇక దాచలేదు. నా పెద్ద కూతురికి
భిన్నాలు నేర్పింది ఈవిడే.
కొవ్వు లేత పసుపుగా ఉంటే పచ్చిక మేసిన పశువు,
సున్నంలా తెల్లబడితే కొట్టంలో దాణా తిన్నది.
మెరిసే ఎరుపుని నమ్మొద్దు.
మూడు వారాలు చల్లగదిలో వేలాడి
కాస్త మబ్బు కమ్మిన ఎరుపు, అదీ మాంసం.
ఎముకతో పాటు మూడు వేళ్ల మందాన కోశాను
కొవ్వు చారలు సన్నటి వేళ్లలా పాకిన పక్కటెముకల కండ.
ఆపైన, ఎవరూ అడగందే నేను ఇంటికి పట్టుకెళ్లే ఎంత్రాన్య:
ఊపిరికీ ఆకలికీ మధ్య తెర అది,
పశువు నిద్రపోయినా అది నిద్రపోలేదు.

"ఇది" అంది ఆమె.

తక్కెడలో పెట్టాను.
నాలుగు కిలోలు దాటి ముల్లు ఊగుతోంది.
నా బొటనవేలు, దాని అలవాటు చొప్పున,
పళ్లెం అంచు మీద వాలింది.
పిచిక వాలినంత.
మా నాన్న వేలూ అలాగే వాలేది.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, సంచీ అందుకుని,
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది:
"రాత్రి తొమ్మిదికి. ఎనిమిదో కుర్చీ నీది."

నలభై ఏళ్లు ఊరి విందులన్నీ నా కత్తి కిందనుంచే వెళ్లాయి.
ఒక్క బల్ల ముందూ నన్నెవరూ కూర్చోబెట్టలేదు.
ఉతికిన చొక్కా వేసుకున్నాను. చేతులు నిమ్మకాయతో మూడుసార్లు తోమాను.
వాసన పోలేదు.

పెరట్లో కొరొనీయ కట్టెలు అప్పటికే నిప్పులయ్యాయి.
ఆమె అరచెయ్యి చువ్వల మీద చాచి
గట్టిగా అంకెలు లెక్కపెట్టింది.
ఐదులోపే చెయ్యి లాక్కుంటే నిప్పు కోపంగా ఉన్నట్టు,
పది దాటితే నిద్రపోయినట్టు.
ఏడు దగ్గర ఆగి, రాళ్ల ఉప్పు జల్లి, ఎముక వైపు కిందికి పెట్టింది.
మేనల్లుడు ఎబెర్ మాటిమాటికీ తిప్పబోతే
పటకారుతో అతని మణికట్టు మీద ఒకటిచ్చింది.
ఎంత్రాన్య మాత్రం చివర్లో, మండే నిప్పు మీద,
అటు కాసేపు, ఇటు కాసేపు.

దించాక కూడా కత్తి ముట్టనివ్వలేదు.
ఉడికిందాకా ఉన్నవాళ్లు ఉమ్మగిలిందాకా ఉండలేరా?
మందుల కొట్టు సుల్మా వైన్ ఒలకబోసింది.
పడవ నడిపి రిటైరైన పెద్దాయన
ఎవరూ అడగని వరద కథ మొదలెట్టాడు.
పలక మీద ఎర్రటి ఊట నెమ్మదిగా
కండలోకి తిరిగి ఇంకింది.

పీచుకి అడ్డంగా కోసింది ఆమె,
నాకన్నా బాగా.
ఒక్కో పళ్లెంలో వడ్డిస్తూ నా దాకా వచ్చి
అందరికన్నా ఒక సన్నటి ముక్క ఎక్కువ వేసి,
నాకు మాత్రమే వినపడేట్టు:
"ఇది నీ వేలి బరువు.
ఇవాళ్టిదేలే. మిగతాది లెక్క కట్టి ఉంచాను."

వరద కథ సాగుతోంది. అందరూ నవ్వుతున్నారు.
నా చేత్తో కోసిన మాంసం అంత బాగుంటుందని
నాకు తెలీదు.
నమిలాను. చాలాసేపు నమిలాను.

మంగళవారం వచ్చింది.
అర కిలో కైమా, కుక్కకో ఎముక.
రెండు చేతులూ వెనక్కి కట్టుకుని
ముల్లు ఆగేదాకా నిలబడ్డాను.
ఎంతసేపు ఊగుతుందో అది,
దాని మానాన దాన్ని వదిలేస్తే.